తినకుండా వదిలేసిన కంచం

లేహ్,
ఆదివారం.

ఖాసింబీ అక్కకు, బావకు తమ్ముడు మస్తాన్ సలాం చెప్పి రాస్తున్నది. నా ఒళ్ళు బాగుంది. ముందు ఈ మాట రెండుసార్లు చదువుకుని నిమ్మళించు, తర్వాత మిగతాది చదువు. అక్కడ అంతా ఎట్లా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? మున్నీ కాలేజీకి బస్సులో పోతోందా, ఇంకా ఆ ఆటోలోనే ఇరుక్కుని పోతోందా? నేను వేళకు తింటున్నాను, స్వెట్టర్లు రెండు వేసుకుంటున్నాను. నాకేం కాలేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేందని బావ నవ్వుతాడు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను మాట మార్చేస్తాను. నెల రోజులుగా అదే చేస్తున్నాను.

ఇక్కడి పని ఎట్లాంటిదో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. పలకల గనిలో పని పోయాక హైదరాబాదు హోటల్లో చేరానా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి ఇది రెండో ఏడు. వీపున బ్యాగులు వేసుకుని దేశాలు తిరిగే కుర్రకారును ఎనిమిది మందినో పది మందినో ఒక జట్టుగా టెంపోలో ఎక్కించుకుని, వారం రోజులు ఈ కొండల మీద తిప్పుతాం. రాత్రికి గుడారాలు. వంట నాది. జట్టును నడిపించేది స్టాన్‌జిన్, ఈ ఊరివాడే, బండి తోలేదీ అతనే. ఎటు చూసినా ఇసుక, రాయి. చెట్టన్నది లేదు. ఎండ మన మార్కాపురం ఎండ కంటే మాడుస్తుంది, నీడలోకి పోతే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. గాలి పల్చన, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కుక్కర్ లేకపోతే పప్పు ఎంతసేపు ఉడికించినా రాళ్ళలాగే ఉంటుంది. మొదటి ఏడు ఆ పప్పు ముందు కూర్చుని ఏడ్చాను కూడా. తెలుగు మాట చెవిన పడక పిచ్చెక్కేది.

స్టాన్‌జిన్ మొదటి రోజే నాకొక పని అప్పజెప్పాడు. కొండ ఎత్తు పడనివాళ్ళు తలనొప్పి దాస్తారు, వాంతులు దాస్తారు, చెబితే కిందికి దించేస్తామని భయం. ముందు ఆకలి చచ్చిపోతుంది కాబట్టి కంచం మాత్రం దాచలేరు. ఎవరు అన్నం వదిలేశారో వంటవాడికే తెలుస్తుంది. వదిలేస్తే వెంటనే తనకు చెప్పాలి, అంతే. అట్లా ఇంతవరకు ఐదుగురిని దింపించాను. నన్ను తిట్టుకుంటూ పోయారు, కానీ ప్రాణాలతో ఇళ్ళకు చేరారు.

పోయిన నెల ఒక జట్టు వచ్చింది. స్టవ్ అంటుకోక నేను తెలుగులో తిట్టుకుంటుంటే వెనక నుంచి ఒకతను పలకరించాడు.

"అన్నా, మీది యాడ?"

"మార్కాపురం."

"మాది కంభం అన్నా. కిరాణా దుకాణం మాది."

పేరు ప్రదీప్. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం, ఇరవయ్యారేళ్ళు. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళింట్లో మాంసం ముట్టరు, అందుకని అతనికి వేరే గిన్నెలో చారు కాచేవాణ్ణి. కూరగాయలు తరిగేటప్పుడు వచ్చి పక్కన కూర్చునేవాడు. వాళ్ళమ్మ లక్ష్మీదేవమ్మ గురించి చెప్పేవాడు. ఎర్రగడ్డలు తరగనా అనేవాడు, తరిగితే ముక్కలు బొటనవేలంత ఉండేవి.

నాలుగో రోజు మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే తెచ్చి నా ముందు పెట్టాడు. ముఖం పీక్కుపోయి ఉంది. నేను స్టాన్‌జిన్ ఎక్కడున్నాడా అని చూశాను.

"అన్నా, చెప్పొద్దు. రేపు ఉప్పు చెరువు చూసేది ఉంది. దానికోసమే వచ్చినా. ఈడనే దించేస్తే ఎట్ల?"

"తల నొస్తా ఉందా?"

"రవ్వంత. పొద్దునకు తగ్గిపోతాది. మనూరోనివి, నువ్వే చెప్తే ఎట్లన్నా?"

మనూరోనివి అన్నాడక్కా. ఆ మాటకు పడిపోయాను. ఆ అన్నం తీసి రాళ్ళ కింద పూడ్చి, కంచం కడిగి బోర్లించాను.

మర్నాడు పొద్దున స్టాన్‌జిన్ అందరినీ అడిగినప్పుడు ప్రదీప్ బాగున్నానని చెప్పాడు. టెంపో ఎక్కాక దగ్గు మొదలైంది. రొమ్ములో గురగురమని చప్పుడు. ఆ చప్పుడు నీకు తెలుసు, నాయనది అదే దగ్గు. పలకల దుమ్ము రొమ్ములో చేరి పద్నాలుగేళ్ళు దగ్గాడు, పద్నాలుగేళ్ళూ బతికాడు. గని నుంచి రాగానే అమ్మ బెల్లం ముక్క పెట్టేది, దుమ్ము దిగిపోతుందని. ఆ చప్పుడు వింటే మనింట్లో ఎవరూ ఉలిక్కిపడేవాళ్ళు కాదు. నాకూ భయం వేయలేదు. డబ్బాలోంచి బెల్లం తీసి పెట్టి, వేడినీళ్ళు తాగించి, "చప్పరించు నాయనా, దుమ్ము దిగిపోతాది" అన్నాను. ఈ కొండల్లో పుట్టినవాళ్ళెవరైనా ఆ దగ్గు విని ఉంటే బండి వెనక్కి తిప్పేవాళ్ళు. స్టాన్‌జిన్‌కు ఇంజను మోతలో వినపడలేదు. పక్కన కూర్చుని విన్నది నేను.

ఉప్పు చెరువంటే మన కంభం చెరువులా ఊహించుకోవద్దు. నీళ్ళు ఎక్కడో మధ్యన ఉంటాయి. చుట్టూ ఉప్పు గడ్డకట్టి, అడుగు వేస్తే అప్పడంలా విరుగుతుంది. అందరూ ఫోటోలకని పరుగెత్తారు. ప్రదీప్ కొంచెం దూరం నడిచి ఆ ఉప్పు మీదనే కూలబడ్డాడు. నేను పోయేసరికి పెదాలు నల్లబడ్డాయి, నోట్లోంచి ఎర్రటి నురగ వస్తోంది. స్టాన్‌జిన్ ఆక్సిజన్ పెట్టి, బండిని కిందికి ఎట్లా దించాడో ఆ దేవుడికే తెలియాలి. దారిలో నన్ను ఒక్కటే అడిగాడు, "నిన్న అన్నం తిన్నాడా?"

"తిన్నాడు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదని రాయను. భయపడి అన్నాను. ఆస్పత్రి చేరకముందే ప్రదీప్ నా ఒళ్ళోనే పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ముందురోజే దించి ఉంటే బతికేవాడని డాక్టరు చెప్పాడు.

వాళ్ళ నాయన, చిన్నాయన వచ్చి తీసుకుపోయారు. పోతూ పోతూ పిల్లవాణ్ణి చూసుకోలేదని స్టాన్‌జిన్ మీద కేసు పెట్టారు. అతన్ని పనిలోంచి ఆపేశారు, భార్యాపిల్లలతో ఇంట్లో కూర్చున్నాడు. నన్ను మాత్రం వాళ్ళ నాయన కావలించుకున్నాడు. లక్ష్మీదేవమ్మ వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. "నా బిడ్డకు ఆఖర్న మనూరి చెయ్యి తగిలింది, నాకు అదొక్కటే నిమ్మళం నాయనా. వచ్చినప్పుడు మా ఇంట్లో ఇంత అన్నం తిని పో" అంటుంది. "అట్లనే అమ్మా" అంటాను. వేళకు తింటున్నానని పైన రాశాను కదా, అది అబద్ధం. ముద్ద గొంతు దిగడం లేదు.

నిన్న స్టాన్‌జిన్ ఇంటికి పోయి అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. "నిన్ను అడిగింది ఆ కంచం ఒక్కటే గదా" అన్నాడు. పోలీసుల దగ్గర ఇదంతా రాసిస్తానన్నాను. అయితే పోలీసుల నోటి వెంట ఆ తల్లి ఇది వినకూడదు, మా అక్క పోయి చెప్పేదాకా ఆగమని అడిగాను. నువ్వు చెప్పొచ్చి నాకు ఫోన్ చేసేదాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కలిసి స్టేషన్‌కు పోతాం. నన్ను ఏం చేస్తారో తెలియదు. లోపల వేసినా వేస్తారు, నువ్వు దిగులు పడొద్దు.

ఈ ఉత్తరం అందగానే బావను తోడు తీసుకుని కంభం పో. బజారులో ప్రదీప్ వాళ్ళ దుకాణమంటే ఎవరైనా చూపిస్తారు. లక్ష్మీదేవమ్మకు చూపు ఆనదట, నువ్వే చదివి వినిపించాలి. అన్నం పూడ్చిన చోట, తిన్నాడు అన్న చోట గొంతు తగ్గించొద్దు. మా తమ్ముడు తెలియక చేశాడని చెప్పొద్దు. దగ్గు తెలియక చేసిందే. కంచం మాత్రం తెలిసే దాచాను.

పెద్దమ్మకు, చిన్నాయనకు నా సలాములు. మున్నీని బాగా చదువుకోమన్నానని చెప్పు. నమాజులో ముందు ఆ పిల్లవాడి కోసం, వాళ్ళమ్మ కోసం దువా చెయ్యి, తర్వాతే నాకోసం. ఆమె తిడితే మధ్యలో లేచి రావొద్దక్కా. కూర్చుని అంతా విని, ఒక్క మాట వదలకుండా నాకు రాసి పంపు.

నీ తమ్ముడు,
మస్తాన్