తలుపు లేని డిజైన్

రోనాల్డ్ బావా, వందనాలు.

చూపులేని వాళ్లకు బస్‌స్టాప్ పేరు చెప్పే మీ యాప్ పనిలో నేనూ చేరతానంటే, ఒక లింకు పంపించి "డిజైనంతా అక్కడే ఉంది, చదివి నచ్చిన పని పట్టుకో" అన్నావు. జీతం లేని పనే కావచ్చు, మీ యాప్ వాళ్లు కనీసం నేనెవరో కూడా అడగరా? మా ఆఫీసులో సంతకం పెట్టనిదే డిజైన్ చూపించరు. అసలుది ఎక్కడో దాచి మాలాంటి వాళ్లకు ఇది పడేశారనుకున్నాను. పక్క సీటు నవత నవ్వింది: "ఏందన్నా, ఫ్రీ పనికి గింత పరేషాన్ అయితున్నవ్?"

అనుమానంతోనే చదివాను. బస్సు ఆగాక స్టాపు పేరు చెప్పాలని ఉంది. కార్ఖానా స్టాపు రద్దీలో చూపులేని మనిషి లేచి తలుపు దాకా వచ్చేసరికి బస్సు కదిలిపోదా? ఆగకముందే చెప్పాలని ఆ పేజీలోనే దిద్దాను. ఎవరూ ఆపలేదు. పైగా ముక్కూ మొహం తెలియని మనిషెవరో థాంక్స్ అని రాశాడు.

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు బావా. మాటిమాటికీ ఆ పేజీ తెరిచి నా వాక్యం ఉందో లేదో చూసుకుంటున్నాను. ఎవరిని పడితే వాళ్లను అలా రానిస్తే ఎలా? ఇకమీదట కొత్తవాళ్లెవరైనా వస్తే, ముందు నాకు చెప్పు.

నీ బావమరిది