ఏడో మిషన్‌లో మా నాన్న

పటాన్‌చెరు,
9 నవంబర్ 2025, ఆదివారం.

నిషితకు,

ఏంజెలిన్ వందనాలతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా బాగున్నాము. రాజశేఖర్ సారూ, రాధమ్మ అత్తా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం మొదట్లో ఎదుటివాళ్ళ క్షేమం అడగాలని తొమ్మిదో తరగతిలో మీ నాన్న రాజశేఖర్ సారే నేర్పారు కాబట్టి అడిగాను. ఇక్కడితో మర్యాద అయిపోయింది.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఫోన్‌లో నువ్వు రెండు మాటలు మెత్తగా అనగానే నాకు ఏడుపు వస్తుంది, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. మెసేజ్ పెడితే సగం చదివి జవాబు మొదలుపెడతావు. రిజిస్టర్డ్ పోస్టు అయితే నీ అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి దిగివచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి, చివరిదాకా చదవాలి.

నీ గేమ్ చూశాను.

నేను వెతుక్కుని చూడలేదు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు పరీక్షించే చోట నాతో పాటు పనిచేసే భవాని అనే అమ్మాయి కంపెనీ బస్సులో రోజూ నా పక్కన కూర్చుంటుంది. పది రోజులుగా ఫోన్‌లోంచి తల ఎత్తడం లేదు. ఏమిటా అని తొంగిచూస్తే మన మంజీరా కనిపించింది. ఆ వంతెన, ఆ ఒడ్డు, అవతల చెరకు తోటలు. పైన ‘మంజీరా ఫ్రంట్’ అని పేరు, కింద నీ పేరు. భవాని భుజం పట్టుకుని, ఇది చేసింది నా స్నేహితురాలు, మేమిద్దరం ఒకే బెంచీలో చదివాం అని చెప్పాను. ముందు సీట్లోవాళ్ళకు కూడా చెప్పాను. అంత గర్వపడ్డాను నేను.

గర్వపడటానికి నాకూ కొంచెం హక్కుంది కదా. ఇంటర్ మొదటి ఏడాది ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి అరుగు మీద గ్రాఫు కాగితాలు పరిచి ఆ యుద్ధం మొదలుపెట్టింది మనిద్దరం. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ఆగకపోయి ఉంటే, జపాన్ సేన మచిలీపట్నంలో దిగి మన మంజీరా దాకా వచ్చి ఉంటే అనే ఊహ నీది. మ్యాపులు గీసింది నేను. గళ్ళు గీసి, ఒక్కో మనిషి తన వంతులో ఎన్ని గళ్ళు నడవొచ్చో, తుపాకీ ఎన్ని గళ్ళ దూరం పేలుతుందో రాసుకునేవాళ్ళం. చచ్చినవాళ్ళు మళ్ళీ లేవకూడదని పట్టుబట్టింది నువ్వు. లేకపోతే యుద్ధం ఎందుకు అన్నావు.

అందుకే ఆ రోజే నా ఫోన్‌లోకి దించుకున్నాను. మొదటి ఆరు మిషన్లు ఎంత బాగున్నాయో చెప్పకపోతే అబద్ధం అవుతుంది. పటాన్‌చెరు చౌరస్తాలో ఇసుక బస్తాలు పేర్చి కాపలా ఉండటం, నర్సును కాపాడుకుంటూ చెరకు తోటలోంచి పాక్కుంటూ పోవడం, ఎవర్ని ముందుకు పంపాలో తేలక బస్సు దిగాల్సిన చోటు దాటిపోవడం, అన్నీ అయ్యాయి. మూడో మిషన్‌లో లారీ డ్రైవరు చనిపోతే ఆ పూట నేను సరిగా అన్నం తినలేదు.

ఇక ఏడో మిషన్. అది ముందు నేను భవాని ఫోన్‌లోనే చూశాను. బొల్లారంలో సైనికులకు మందులు తయారుచేసే ఫ్యాక్టరీ. నీ గేమ్ జరిగే 1958లో నిజానికి అక్కడ ఫ్యాక్టరీలు లేవని నాకు తెలుసు, నీ చరిత్రలో ఉన్నాయి, ఉండనీ. రియాక్టర్ నుంచి గ్యాస్ లీకై మన సైనికులే ఇరవై ఎనిమిది మంది చచ్చిపోతారు. మన దళం లోపలికి వెళ్ళి దానికి కారణమైన ఆపరేటర్‌ను వెతకాలి. చివరి గదిలో బస్తాల వెనక ఒక ముసలాయన చేతులెత్తి నిలబడతాడు. పేరు దయానందం. నీలం చొక్కా. దారంతో మెడకు కట్టుకున్న కళ్ళజోడు. కమిలిన ఎడమ చెయ్యి. మన వాళ్ళు తుపాకులు ఎత్తగానే, “జెర నిమ్మలం బిడ్డా, జెర నిమ్మలం” అంటాడు.

నిషితా, ఆ మాట మా నాన్నది. నేను సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకుని ఆయన అన్న మాట. నువ్వూ ఆ సైకిల్ మీదే నేర్చుకున్నావు.

అప్పుడు భవాని ఏమన్నదో తెలుసా? “అక్కా, గీ ముసలాయన్ని కాల్చకుంటే ముందటికి పోనియ్యదు,” అన్నది. అని కాల్చింది. బస్సులో వెనకవాళ్ళు కూడా చూస్తున్నారు, ఒకడు సరిగ్గా కొట్టావన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తర్వాత నా ఫోన్‌లో అక్కడిదాకా ఆడి, ఆయన చేతులెత్తగానే ఆపేశాను. ఇంకెప్పుడూ తెరవలేదు.

నిన్ను ఒకటి అడుగుతాను. 2014 ఆగస్టులో బొల్లారంలో మా నాన్న ఆపరేటర్‌గా చేసే మందుల ఫ్యాక్టరీలో ఆ మధ్యాహ్నం రియాక్టర్ పేలినప్పుడు మనం ఎక్కడున్నాం? కాలేజీలో ఉన్నాం. మా అమ్మ ఫోన్ చేస్తే షేర్ ఆటోలో నాతో వచ్చింది నువ్వే. గేటు దగ్గర మనల్ని ఎండలో నిలబెట్టారు. అలారం మోగలేదని, మోగి ఉంటే రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్ళు వదిలేవాడినని, ఆసుపత్రి మంచం మీద నాన్న చెప్పింది నాతో పాటు నువ్వూ విన్నావు. బాలాసోర్ నుంచి పనికి వచ్చిన సనాతన్ అనే కుర్రవాడు లోపలే చనిపోయాడు. అతన్ని బయటకు లాగబోయి నాన్న చెయ్యి కాలింది. వారం తిరక్కుండా కంపెనీ గేటుకు కాగితం అంటించారు, ప్రమాదానికి కారణం ఆపరేటర్ నిర్లక్ష్యమే అని. నాలుగే నాలుగు వరుసలు. అలారం గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాగితాన్ని చింపింది ఎవరు? నువ్వు. వాచ్‌మన్ అరుస్తుంటే ముక్కలు ముక్కలు చేసి కాలవలో పడేసింది నువ్వు.

అదే కాగితాన్ని ఇప్పుడు అతికించి లక్షమందికి చూపిస్తున్నావు.

ఆ తర్వాత మా ఇల్లు ఎలా గడిచిందో నీకు చెప్పక్కర్లేదు. నాన్నకు ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఇంకే యూనిట్‌లోనూ పని దొరకలేదు. అమ్మ మార్తమ్మ, బయటికి పోయి పనిచేయడం తెలియని మనిషి, హాస్టల్లో వంటకు చేరింది. నాన్న పదకొండేళ్ళుగా బొల్లారం వైపు వెళ్ళే బస్సు ఎక్కలేదు. మా చర్చి సంఘంలో మాత్రం ఒక్కరూ ఆయన్ని అనుమానించలేదు. ప్రతి ఆగస్టులో ఆయన కోసం నిలబడి ప్రార్థన చేస్తారు, అన్యాయంగా నింద మోసిన సహోదరుడని. ఆయన తల వంచుకుని వింటారు. అంత ఓర్పు గల మనిషిని నువ్వు బస్తాల వెనక దాచి కాల్పించావు.

అన్నిటికంటే ఎక్కువ మండేది మే నెల సంగతికి. మూడు మధ్యాహ్నాలు వచ్చావు మా ఇంటికి. అమ్మ నీకిష్టమని సర్వపిండి చేసింది. నోటుబుక్కు పట్టుకుని నాన్న పక్కన కూర్చుని, రియాక్టర్‌లో వేడి ఎలా పెరుగుతుంది, ఏ వాల్వు ఎటు తిప్పాలి అని అడిగావు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ పని గురించి గౌరవంగా అడిగిన మొదటి మనిషివని నేను వంటింట్లోంచి చూసి మురిసిపోయాను. మూడో రోజు నేను టీ తెచ్చేసరికి ఇద్దరూ మాటలు ఆపేశారు. నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా కష్టానికి బాధపడ్డావనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! నువ్వు చొక్కా రంగు రాసుకోవడానికి వచ్చావు. కళ్ళజోడు దారం రాసుకోవడానికి వచ్చావు.

యూట్యూబ్‌లో నీ ఇంటర్వ్యూ కూడా చూశాను. ఈ గేమ్‌లో మీకు అందరికన్నా దగ్గరి పాత్ర ఏది అని అడిగితే దయానందం అన్నావు. ఎందుకని అడిగితే నవ్వి, చెప్పలేనన్నావు. నవ్వావు నిషితా. దగ్గరివాళ్ళను కాల్చడం నీకు అంత తేలికా? రేపు నేనొక కథ రాసి, అందులో పిల్లల్ని చావబాదే పంతులొకడికి రాజశేఖర్ సారు చెప్పులు తొడిగి, ఆయన నడక పెడితే నీకు ఎలా ఉంటుంది? నేను పెట్టను. ఆయన నాకు అక్షరాలు నేర్పారు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ మిషన్ తీసెయ్యి. తీయలేనంటే ఆ మనిషి ఒంటి మీదినుంచి మా నాన్న చొక్కా, కళ్ళజోడు, కాలిన చెయ్యి తీసెయ్యి. మా నాన్న మాట తీసెయ్యి. ఎవరిదో ముక్కూ మొహం తెలియనివాడి గొంతు పెట్టుకో. అది కుదరదంటే, నేను గీసిన మ్యాపులు మొత్తం తీసెయ్యి. మ్యాపులు లేకుండా నీ యుద్ధం ఎక్కడ జరుగుతుందో నేనూ చూస్తాను.

నాన్నకు ఈ సంగతి తెలియదు. తెలియనివ్వను కూడా. మా ఇంటికి రావద్దు.

ఒకప్పుడు ఒకే బెంచీలో నీ పక్కన కూర్చున్న,
ఏంజెలిన్

తా.క.
11 నవంబర్, మంగళవారం.

కవరు అతికించాక ఆగిపోయాను. మా నాన్న గురించి ఇన్ని పేజీలు రాసి, ఆయనకు చెప్పకుండా పంపితే నువ్వు చేసిన పనే నేనూ చేసినట్టు అనిపించింది. ఈ రోజు నాకు వారపు సెలవు. భోజనాలయ్యాక కవరు చింపి, నాన్నకూ అమ్మకూ మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను.

నాన్న అంతా విని, నన్ను పక్కన కూర్చోమన్నారు.

“ఆ పిల్లనేమనకు. జెప్పింది నేనే,” అన్నారు. అమ్మ, ఏం చెప్పినవని అడిగింది. ఆయన అమ్మ వైపు చూడలేదు. నా వైపే చూసి అన్నారు: “నేను నిద్రపోయిన, బిడ్డా.”

తర్వాత మెల్లగా, ఆగి ఆగి, చాలాసేపు చెప్పారు. ఆ రోజు ఆయన స్థానంలోకి రావాల్సిన రిలీవర్ రాలేదట, సూపర్‌వైజర్ ఇంటికి పోనివ్వలేదట. అది వరసగా మూడో షిఫ్టు. అలారం వైర్లు తెగి రెండు నెలలైంది, చెప్పినా బాగుచేయించలేదు. ఇదంతా నిజమే. కానీ మోగని అలారం ఉన్నచోట మనిషి వేడి చూపే మీటరు చూస్తూ కూర్చోవాలి. ఆయన బస్తాల మీద నడుం వాల్చారు. సనాతన్ వచ్చి తట్టి లేపాడు. లేపి, తనే పైకెక్కి నీళ్ళ వాల్వు తిప్పడానికి పోయాడు. ఆయన తేరుకుని లేచి పరుగెత్తేసరికి పేలింది. ఆసుపత్రిలో మొదటి రోజు భయంతో దాచారట. తర్వాత మేమంతా, సంఘమంతా, కాగితం చింపిన నువ్వూ, ఆయన తరఫున నిలబడ్డాక చెప్పే దారి మూసుకుపోయిందన్నారు.

మే నెలలో మూడో మధ్యాహ్నం నీకు చెప్పారట. నన్ను మంచోణ్ణి చెయ్యకు, ఎట్లున్ననో అట్లనే పెట్టు, మా బిడ్డకు మాత్రం నేనే చెప్త అన్నారట. ఆరు నెలలుగా చెప్పలేకపోయారు. నువ్వు మాట తప్పలేదు.

ఆయనే నా ఫోన్ చేతికిచ్చి ఏడో మిషన్ ఆడమన్నారు. దయానందం చేతులెత్తాక ‘కాల్చు’ అనే దాని కింద చిన్న అక్షరాలతో ‘అడుగు’ అని ఉంది. భవాని దాన్ని నొక్కలేదు. నేను కూడా నొక్కలేదు. ఇప్పుడు నొక్కాను. మూడు షిఫ్టుల సంగతి, తెగిన వైర్ల సంగతి, అన్నీ ఆయన నోటే చెప్పించావు. చివర, నిద్రపోయిన అన్న ఆ ఒక్క మాట కూడా. అప్పుడు దళమంతా తుపాకులు దించుతుంది, మిషన్ ముందుకు పోతుంది.

ఉత్తరం చింపేయలేదు. కంపెనీ మీద నా కోపం పెరిగింది, తగ్గలేదు. మనిషిని మూడు షిఫ్టులు నిలబెట్టి, తెగిన అలారం బాగుచేయించకుండా, నిర్లక్ష్యం ఆపరేటర్‌ది అని రాసిన ఆ నాలుగు వరుసలు ఇప్పటికీ అబద్ధమే. నాన్న మీద కూడా కోపంగా ఉంది, అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీ మీద రాసినదంతా నువ్వు చదవాలి, ఎందుకంటే అది నేను నిజంగా అనుకున్నాను. అనుకున్నందుకు నన్ను క్షమించు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి అంతా చెబుతానని నాన్న పాస్టరు గారికి ఫోన్ చేశారు. ఆ తర్వాత బాలాసోర్ పోయి సనాతన్ తల్లికి చెప్పాలట. అమ్మ తను ఆదివారం చర్చికి రానన్నది. ఆయనకు ఒక పక్కన నేను నిలబడతాను. రెండో పక్కన ఎవరూ లేరు. ఆదివారం తొమ్మిదిన్నరకల్లా చర్చికి రా.