ఆదివారం ఆరింటి రివ్యూ

జులై 3, గురువారం

కరిచింది. ఎడమ మణికట్టు మీద. పై వరుస నిండుగా, కింది వరుసలో ఒకటి ఖాళీ — పాలపన్ను ఊడిన చోటు. బీపీ పట్టీ చుట్టబోతే ఇంత పని. లాస్య, ఎనిమిదేళ్ళు. రావడం ఇది మూడోసారి. బరువు మిషన్ని తన్నింది, కుర్చీ ఎక్కింది, గోడ మీది క్యాలెండర్ చింపింది. మా నర్సు సునీతా దీదీ నా చేతికి స్పిరిట్ రాస్తూ — "కుత్తా నహీఁ, బచ్చీ హై. ఫిర్ భీ సూయీ లగ్‌వా లో, డాక్టర్ సాబ్." కుక్క కాదు పిల్లే, అయినా సూది వేయించుకోమని.

తల్లి సుజాత గారికి సిగ్గు. "ఏమనుకోకండి డాక్టరు గారూ, చెయ్యి పెడితే చాలు ఇట్టాగే చేస్తదండీ." తండ్రి ప్రసాద్ గారు కూర్చోలేదు. గుర్గావ్ కంపెనీలో క్వాలిటీ మేనేజరు. "పిచ్చి డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళను మేడమ్, సొసైటీలో మొహం చూపించాలి. జ్వరం డాక్టరు దగ్గరికంటే ఎవరూ ఏమీ అనుకోరు."

ఆ జ్వరం డాక్టర్ని నేను.

ఒంటిగంటన్నరకు స్క్రీన్ మీద డాక్టర్ మీరా. పిల్లల మనసు వైద్యురాలు. బెంగళూరులో కూర్చుని ప్రతి గురువారం మాలాంటి చిన్న క్లినిక్కుల కేసులు వింటారు. ఇవాళ తేల్చారు — ఏడీహెచ్‌డీ, ధ్యాసా కుదురూ నిలవని జబ్బు. చిన్న డోసు క్యాప్సూల్. వారం వారం బీపీ, బరువు. ఇంట్లో ఒక పట్టిక, స్కూల్లో ఒక పట్టిక.

ఇంటి పట్టిక నేనే తెలుగులో చేశాను, సుజాత గారి కోసం. స్కేలు పెట్టి గళ్ళు గీశాను. కూర్చున్న చోటు నుంచి లేచింది. మాటకు అడ్డం వచ్చింది. వస్తువు విసిరింది. జరిగినప్పుడల్లా ఒక గీత.

"వెరీ గుడ్ మేడమ్," అన్నారు ప్రసాద్ గారు. "కొలిస్తేనే కదా కంట్రోల్ చేసేది."

కాగితం ఇచ్చేటప్పుడు తల్లిదండ్రులిద్దరికీ నోటితో చెప్పాల్సిన వాక్యం ఒకటి ఉంది. శిక్షణలో డాక్టర్ మీరా మాతో మూడుసార్లు అనిపించారు. ఈ గీతలు మందును కొలవడానికి, పిల్లను కాదు; వీటి కోసం పిల్లను తిట్టకూడదు, కొట్టకూడదు. నోరు తెరిచాను. ఆయన ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు… అంత పెద్దమనిషికి ఆ మాట ఎలా చెప్పను? గొంతులో ఉండిపోయింది.

జులై 6, ఆదివారం

మునిర్కా. నా గది కింద ఇద్దరు పార్కింగ్ కోసం కొట్టుకున్నారు. ఒకడి చేతిలో ఇనప రాడ్డు. తల పగిలే చప్పుడు తడిగా ఉంటుంది. చూస్తూ ఉన్నాను, ఒళ్ళో పుస్తకం. తర్వాత కిటికీ మూశాను.

జులై 10, గురువారం

క్యాప్సూల్ మొదలైంది. అన్నం తగ్గిందట. ఇవాళ కరవలేదు. నా మణికట్టు చూసి, తన పంటి గుర్తు మీద వేలు పెట్టి నవ్వింది.

జులై 17, గురువారం

మొదటి పట్టిక వచ్చింది. వారానికి ఇరవై ఏడు గీతలు. ఇంత శ్రద్ధగా రాసిన ఇల్లు ఇంకోటి లేదని డాక్టర్ మీరా మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

లాస్య పూర్తి చేతుల చొక్కాలో వచ్చింది. ఈ ఉక్కలో.

జులై 24, గురువారం

పదహారు. మళ్ళీ పూర్తి చేతులు. కుర్చీ అంచున కూర్చుంది, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. బీపీకి బటన్ విప్పబోతే సుజాత గారు — "బట్ట మీదే చుట్టెయ్యండి డాక్టరు గారూ. మళ్ళీ కరుస్తదేమో."

బట్ట మీదే చుట్టాను. అంకె రాశాను.

జులై 31, గురువారం

ఇంట్లో సున్నా. స్కూల్లో రోజుకు పద్నాలుగు.

నేను సంతోషంగా చదివి వినిపించాను. డాక్టర్ మీరా కళ్ళజోడు తీశారు. "వారానికి సున్నా ఏ పిల్లకూ రాదు. నాకూ రాదు. ఈ కాల్‌లోనే రెండుసార్లు లేచాను. చొక్కా చేతులు ఎత్తి చూశావా?"

లేదు.

నెట్ ఆగింది. ఆవిడ మొహం స్క్రీన్ మీద అలాగే నిలిచిపోయింది, నన్నే చూస్తూ.

ఆగస్టు 1, శుక్రవారం

తల్లినీ పిల్లనీ పిలిపించాను. దీదీ తలుపు మూసింది. బటన్లు విప్పాను. లాస్య కరవలేదు. అందుకే నాకు భయం వేసింది.

మడిచిన తీగ గుర్తులు. ఒక్కొక్కటీ ఉచ్చులా ఒంపు తిరిగి. భుజం నుంచి మోచేతి దాకా, వీపంతా. కొన్ని పసుపు, కొన్ని ఊదా, రెండు ఇంకా తడి.

"ల్యాప్‌టాప్ కా చార్జర్," అంది లాస్య, పాఠం అప్పజెప్పినట్టు. "పహలే సెవెంటీన్. ఫిర్ సిక్స్. ఫిర్ జీరో. వెన్స్‌డే కో పాపా నే గినా నహీఁ."

బుధవారం నాన్న లెక్కపెట్టలేదట.

ఇరవై ఏడులో పది పోతే పదిహేడు. పదహారులో పది పోతే ఆరు. తీసివేతలు నాకూ వచ్చు.

సుజాత గారు గోడ వైపు తిరిగి చెప్పారు. "వారానికి పది టార్గెట్టండీ. ఆదివారం ఆరింటికి టీ తాగి రివ్యూ అంటారు, ఆఫీసులో లాగానే. పది దాటిన ప్రతి గీతకీ ఒకటి. నేనే గీతలు తగ్గించా. తర్వాత మానేశా. మొన్న బుధవారం టీచరు పట్టిక ఆయన మెయిల్‌కొచ్చింది. దొంగ లెక్క రాశానని…" చెయ్యి చాపారు. మోచేతి దగ్గర అదే ఉచ్చు.

లాస్య నాతో ఎప్పుడూ తెలుగు మాట్లాడదు. ఇవాళ మాట్లాడింది. "ఆ పేపర్ నువ్వే ఇచ్చావు కదా."

సాయంత్రం. కాన్వెంట్ గుర్తొస్తోంది. సిస్టర్ చేతిలో చెక్క స్కేలు. పక్క బెంచీ పిల్లల వేళ్ళు ఉబ్బేవి. పదేళ్ళలో నా మీద ఒక్కసారి పడలేదు. నేను కూర్చున్న చోటు నుంచి లేచేదాన్ని కాదు. మంచి పిల్ల అనేవాళ్ళు.

ఆ తీగ ఆయన మెడకు చుట్టి బిగించాలని ఉంది. నాలుక బయటికి వచ్చేదాకా. రాశాను. కొట్టివేయను.

ఆగస్టు 2, శనివారం

నిన్ననే అంతా డాక్టర్ మీరాకు చెప్పాను. "రిపోర్టు నువ్వే ఇవ్వాలి. నేను స్క్రీన్‌లో ఉన్నాను. గదిలో ఉన్నది నువ్వు." పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను, తడబడే హిందీలో. సోమవారం ఇంటికి మనుషులు వస్తారట. మధ్యలో ఆదివారం ఉందన్నాను. చూస్తామన్నారు.

ఇవాళ పదకొండింటికి డాక్టర్ మీరా, నేనూ కాల్‌లో రిపోర్టు రాస్తున్నాం. ప్రసాద్ గారు వచ్చారు. లాస్య జబ్బ పట్టుకుని.

"నా పర్మిషన్ లేకుండా పిల్ల బట్టలు విప్పించారంట."

వాక్యం చెప్పాను. నెల రోజులు గొంతులో ఉన్నది. గీతలు మందును కొలవడానికి, పిల్లను కాదు… చివరిదాకా చెప్పాను.

ఓపిగ్గా విన్నారు. "ఇది కాగితం మీద ఎక్కడుంది మేడమ్? చెప్పని రూలు నేనెలా ఫాలో అవుతా? ప్రాసెస్‌లో తప్పు మీది."

నిజమే అనిపించింది. ఒక్క క్షణం. ఆ క్షణంలోనే లాస్య ఆయన చెయ్యి కరిచింది.

పిల్లను విసిరేశాడు. నుదురు బరువు మిషన్ అంచుకు తగిలింది. నెత్తురు. ల్యాప్‌టాప్ నేల మీద పడింది. దీదీ స్టీలు ట్రే ఎత్తి అతని చెవి మీద కొట్టింది. "అబ్ హాథ్ లగా కే దిఖా." ఇప్పుడు చెయ్యి వేసి చూడమంటూ మళ్ళీ కొట్టింది. నేల మీంచి డాక్టర్ మీరా గొంతు, ఇంగ్లీషులో, మెల్లగా — "మిస్టర్ ప్రసాద్, నేను వింటున్నాను. టైముతో సహా రాసుకుంటున్నాను."

గదిలో లేని మనిషి గొంతుకు ఆగాడు. పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కుట్లు వెయ్యనివ్వలేదు. అతని చొక్కా వీపు మీద ఎర్ర చార.

నేను బల్ల వెనక కూర్చునే ఉన్నాను. ఇదంతా జరుగుతున్నంతసేపూ.

మధ్యాహ్నం పోలీసులకు చెప్పాను. ఒకతను వెళ్ళి వచ్చాడు. తలుపు తీసింది సుజాత గారట. పిల్ల ఆడుకుంటూ పడింది, అంతే అన్నారట.

ఆగస్టు 3, ఆదివారం

మెట్రోలో ద్వారక వచ్చాను. వాళ్ళ అపార్టుమెంట్ల సొసైటీ గేటు. అయిదూ నలభై. గార్డు పక్కన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. సంచిలో కుట్ల సామాను, రిపోర్టు కాపీ.

డాక్టర్ మీరా మెసేజ్ — ఒక్కదానివే పైకి వెళ్ళకు. పోలీసులకు మళ్ళీ ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. దీదీ మెట్రోలో ఉంది.

రిజిస్టరులో పేరు రాశాను, ఫ్లాటు నంబరు రాశాను. ఏం పని మీద వచ్చారు — ఆ గడి వదిలేశాను. "ఖాలీ నహీఁ చలేగా, మేడమ్," అన్నాడు గార్డు. ఖాళీగా వదిలితే కుదరదట. కుట్లు, అని రాశాను.

వాళ్ళ ఫ్లాటు ఇంటర్‌కామ్ మోగుతోంది. మూడోసారి. ఎవరూ ఎత్తడం లేదు.

నాలుగో అంతస్తులో వాళ్ళ బాల్కనీ తలుపు ఎవరో లోపలి నుంచి మూశారు.

ఆరింటి రివ్యూకు ఇంకా అయిదు నిమిషాలు. దీదీ ఇంకా రాలేదు. ఎవరూ రాలేదు.

లేస్తున్నాను.