తుమ్మలగడ్డ బొడ్రాయి

వృష సంవత్సరం, చైత్రం. సోమవారం.

మళ్ళీ వెట్టి మా మీదే పడింది. ఎల్లారెడ్డి ఊరికి ఎవరో సర్కారు అధికారి వచ్చాడట — డేరాలు, మంచాలు, కోళ్ళ గంపలు. అన్నీ కొత్తిండ్ల వాళ్ళే, అంటే మేమే మోయాలి. నా కొడుకు మల్లయ్య భుజం తోలు లేచిపోయింది. పక్క ఊరి పటేలును నిలబెట్టి అడిగాను, మీ ఊళ్ళో మగవాళ్ళు లేరా అని. నవ్వాడు.

"మీదొక ఊరారా సాయిలు? నడుమ బొడ్రాయి పాతనిది ఊరెట్లయితది? మా ఊరి పెంటదిబ్బ మీద గుడిసెలేసుకున్నరు. మేం చెప్పింది చెయ్యాలె."

నా వయసులో సగం లేడు. రా అంటాడు.

చైత్రం. శుక్రవారం.

కామారెడ్డి నుంచి ఒక కుర్ర వకీలు వచ్చాడు. ఈ ఇలాకా చరిత్ర రాస్తున్నాడట — ఎవరు ఏలారు, వెట్టి ఎట్లా వచ్చింది, మంజీర మీద సాగరు కట్టాక ఎవరు బాగుపడ్డారు. బాగుపడ్డవాళ్ళు కట్ట కింద ఉన్నారు, పోయి చూడు అన్నాను. కట్టకు ఇవతల మునిగినవాళ్ళం మేము. తుమ్మలగడ్డ. రాసుకో.

"అచ్చయిన కాగితాలల్ల ఆ పేరు నాకెక్కడ కనపడలే తాతా. ఊరు ఉండెననేటందుకు ఏదన్న నిదర్శనం ఉన్నదా?"

నేను లేనా అన్నాను. తల దించుకున్నాడు. మంచివాడే. పుస్తకంలో పేరు పడితే కచ్చేరిలో చూపించి వేరే ఊరు అనిపించుకోవచ్చట. అప్పుడు పక్క ఊరి వెట్టి మా మీద ఉండదట.

నిదర్శనం కావాలట… నిదర్శనం.

వైశాఖం. గురువారం.

సాగరు బాగా తగ్గింది. మంజీర తన పాత పాయలోకి పోయింది. ఎండలో నడిచి దిగాను. నా ఇంటి మొండిగోడ… చావడి అరుగు… ఒండ్రులో మా బొడ్రాయి, నెత్తి మాత్రం పైకి. ఇన్నేళ్ళు నీళ్ళ కింద ఉండీ ఒరగలేదు. బురద చేత్తో తుడిచాను.

వైశాఖం. శుక్రవారం.

బొడ్రాయిని పైకి తెద్దాం అన్నాను. లచ్చవ్వ వదిన ఒక్కతే లేచింది.

"పాతిన బొడ్రాయిని పీకుతరా ఎక్కడన్న? ఊరి బొడ్డు గది. కడుపుల చెయ్యి పెట్టినట్టె."

"నీళ్ళల్ల పోయిన ఊరికి బొడ్డెందుకు వదినా? బతికున్నోళ్ళం ఈడున్నం."

"నీకు అందరికన్న ఎక్కువ తెలుసు మరిది. లగ్గం నాడు పంతులుకే మంత్రం నేర్పబోతివి."

నవ్వారు. జనం నవ్వితే పని అయినట్టే.

వైశాఖం. ఆదివారం.

పీకాము. కోడిని కోసి, కల్లు పోసి, దండం పెట్టి, మోకులు కట్టి లాగాము. ఒండ్రు వదలలేక వదిలింది. అడుగున పచ్చబడ్డ రాగి పైసలు, మా తాతలు వేసినవి. బండిని పటేలు వాకిలి ముందు నుంచే తోలించాను. కావాలనే.

జ్యేష్ఠం. మంగళవారం.

వకీలు వచ్చి రాయి చూశాడు. అరిగిన గీతలు కాగితం మీద దించుకున్నాడు. తుమ్మలగడ్డ అని నా ముందే రాశాడు. రెండు మార్లు చదివాను. వానలు వెలిశాక కచ్చేరి మనిషిని తీసుకొచ్చి రాయి చూపిస్తాడట.

ఈ పూట అన్నం మారు అడిగి తిన్నాను. కోడలు రాజవ్వ "మామకు ఆకలి గిట్ల తిరిగొచ్చిందా" అని నవ్వింది.

జ్యేష్ఠం. శనివారం.

బొడ్రాయిని పాతాలంటే ఊరి ఆడబిడ్డలు అందరూ రావాలి. బిచ్కుందకు మనిషిని పంపాను, పెద్దకొడప్‌గల్‌కు, లింగంపేటకు… దున్నే కాలం, ఎవరి అత్తా పంపనన్నది. రాయి కొట్టంలో గడ్డి మీద పడి ఉంది.

ఆషాఢం. ఆదివారం.

వాన. వాన. బావి నీళ్ళు ఎర్రబడ్డాయి.

ఆషాఢం. బుధవారం.

గత్తర వచ్చింది. వాంతులు, భేదులు. లచ్చవ్వ వదిన కొడుకు పొద్దున నాగలి కట్టాడు. దీపాల వేళకు లేడు.

ఆషాఢం. శుక్రవారం.

ఇంకో ఇంట్లో తల్లీ బిడ్డా. మోయడానికి మనుషులు చాలలేదు. నేనూ పట్టాను. తిరిగి వచ్చేసరికి వదిన నా వాకిట్లో నిలబడి ఉంది. "సంబురమైందా మరిది?" అన్నది, అంతే. తిడితే జవాబు చెప్పేవాణ్ణి.

ఆషాఢం. శనివారం.

వకీలు మోకాటి లోతు బురదలో మందు తెచ్చాడు. "రాయితోని రాలే తాతా ఇది. బావి నీళ్ళతోని వచ్చింది. కాచి తాగుండ్రి." నమ్ముతున్నాను. అందరి ఇళ్ళకూ పోయి చెప్పాను. సగం మంది తలుపు తీయలేదు.

నమ్ముతున్నాను. అయినా కొట్టం వైపు చూడకుండా నా ఇంట్లోకి నేను పోలేకపోతున్నాను.

ఆషాఢం. సోమవారం.

రాజవ్వకు పట్టుకుంది.

మల్లయ్య ఏడవలేదు. "బాపూ, రాయిని ఎక్కడిదక్కడ పెట్టి రా."

పోయి చూశాను. నీళ్ళు. చావడి లేదు, గోడ లేదు. ఎక్కడిదక్కడ అనే చోటే లేదు.

ఆషాఢం. మంగళవారం.

పొద్దెక్కింది. పొయ్యి ముందు కూర్చుని రాస్తున్నాను. మిగిలిన వాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. సాగరులో వేసి రమ్మని కొందరు. చోటు కాని చోట ముంచితే ఇంకా కోపగిస్తుంది, ఇక్కడే పాతమని కొందరు. "ఆడబిడ్డలు రాకుండనా?" అని వదిన. ముంచితే కచ్చేరి మనిషికి చూపించడానికి ఏమీ ఉండదు. తుమ్మలగడ్డ మళ్ళీ లేదు. పటేలు డేరాలు మళ్ళీ మల్లయ్య భుజం మీద. ఉంచితే…

"పీకినోనివి నువ్వు. నువ్వే చెప్పు" అన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు.

నా మాట కోసం ఇంత మంది ఎన్నడూ ఆగలేదు. పొయ్యిలో కట్టె ఎగదోశాను.

మల్లయ్య రాయిని బండికి ఎత్తించాడు. ఎడ్లను కట్టి పగ్గం నా పక్కన పెట్టాడు. ఎటు అని అడగలేదు. నేనింకా పగ్గం ముట్టలేదు.

లోపల రాజవ్వ దూప, నీళ్ళు అంటోంది. కాచిన నీళ్ళు ఇంకా చల్లారలేదు.