నార్మల్ సబ్జెక్ట్

మే 3, 2021
నస్పూర్ వచ్చి వారమైంది. కాలేజీ కరీంనగర్‌లో, నేను అమ్మానాన్నల దగ్గర, అదే మా అవ్వాబాపుల క్వార్టర్లో, ఫస్టియర్ పిల్లలు ఫోన్లలో. ఫిజియాలజీ ప్రాక్టికల్స్ కూడా ఆన్‌లైన్లోనే చెప్పాలట. ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమే ఇది. స్వరూపా, ఇంట్లో ఎవరినైనా సబ్జెక్టుగా కూర్చోబెట్టి చూపించెయ్ అన్నారు హెచ్‌ఓడీ ముకర్రం సార్. సబ్జెక్ట్ అంటే మా దగ్గర పరీక్ష చేయించుకునే మనిషి.

బాపును అడిగాను. బొగ్గుబాయిలో రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏ పనీ అడగలేదు. తెగ సంబరపడ్డాడు.

మే 5
బాపు పొద్దున్నే గడ్డం గీసుకుని, తలకు నూనె రాసుకుని, చొక్కా విప్పి కుర్చీలో తయారు. పల్స్, బీపీ చూపించాను. పిల్లలందరూ కెమెరాలు ఆఫ్. గంత మందికి చూపిస్తున్నవ్ గని ఒక్కని మొకం గూడ కనవడదాయె అని బాపు ఫిర్యాదు. నాకూ అదే మంట. సిగ్నల్ ఈ ఒక్క గదిలోనే వస్తుంది. ఫ్యాన్ చప్పుడుకి మాట వినపడదని అది కూడా ఆపాలి. ఇద్దరం ఉడికిపోయాం.

మే 8
బాపు దగ్గుతున్నాడు. బాయి పని చేసినవాళ్ళు దగ్గక ఏం చేస్తారు?

మే 10
ఇవాళ రెస్పిరేటరీ. బాపు ఛాతీ మీద చేతులు పెట్టి చూపించి, నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టి చాట్‌లో రాయమన్నాను.

మా ప్రాక్టికల్స్‌లో సబ్జెక్ట్ ఎప్పుడూ పక్క బెంచీ పిల్లో పిల్లాడో. అందరూ ఆరోగ్యవంతులే, కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. పదహారు, నార్మల్ అని రాసేస్తారు. మేమూ అలాగే చదివాం, ఇప్పుడు అలాగే మార్కులు వేస్తున్నాం. చాట్ నిండా పదహారు, పదహారు, పద్దెనిమిది. ఉట్నూర్ నుంచి నవ్యశ్రీ ఒక్కతే ముప్పై రెండు అని పెట్టింది.

మైక్ ఆన్ చేయించి అందరి ముందూ కడిగేశాను. నార్మల్ సబ్జెక్టుకు ముప్పై రెండు ఎట్లా వస్తుంది, బుక్ తెరిచావా అసలు అని. నిమిషమంతా లెక్కవెట్టిన మేడమ్, రెండుసార్లు అంది మెల్లగా. అక్కడితో క్లాసు ముగించాను.

అదే రోజు, మధ్యాహ్నం
కోపం తగ్గలేదు. ఆ పిల్లకు తప్పు చూపిద్దామని రికార్డింగ్ తెరిచి లెక్కపెట్టాను. ముప్పై రెండు.

పక్క గదిలోకి పరిగెత్తాను. ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ ఎనభై ఎనిమిది, తొంభై ఐదు దాటి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు బాపూ అని అరిచాను. నీ పిలగాండ్ల ముంగట ఆయాసమని కూలవడితే నీ ఇజ్జత్ ఏంగావాలె బిడ్డా అన్నాడు, మాట మాటకీ ఆగుతూ.

ఈ రెండు చేతులూ ఆయన ఛాతీ మీదే ఉన్నాయి. నార్మల్ అని చెప్పాను.

మే 11
కరీంనగర్‌లో బెడ్ దొరికింది. అంబులెన్సులో బాపు ఒక్కడే వెళ్ళాడు. నాకూ కోవిడ్ పాజిటివ్. అవ్వకు నెగెటివ్, అదొక్కటే నయం. పళ్ళెం గుమ్మం ముందు పెట్టి, జరంత తిను బిడ్డా అని తలుపుకు చెప్పి వెళ్తోంది.

మే 13
ఆస్పత్రికి ఫోన్ చేశాను. అంతా నార్మల్ మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి అన్నారు.

మే 14
మళ్ళీ అదే. నార్మల్. ఊపిరి ఎంతుంది అంటే పదహారు అన్నారు.

పదహారు! ఆ అంకె ఎలా పుడుతుందో నాకు తెలియదా? వార్డు నిండా పేషెంట్లు, చేతినిండా పని, వాళ్ళను తప్పుపట్టలేను. నమ్మనూ లేను. మంచం, కిటికీ, ల్యాప్‌టాప్. లాక్‌డౌన్ బయట, గడియ లోపల. గోడకు తల బాదుకోవాలనిపిస్తోంది.

నవ్యశ్రీకి ఫోన్ చేసి, బాపు సంగతి చెప్పి, సారీ చెప్పాను. తాతకెట్లున్నది మేడమ్ అని అడిగింది. నార్మల్ అనబోయి, తెలియదమ్మా అన్నాను.

మే 16, ఉదయం
వార్డు సిస్టర్ సక్కుబాయిని బతిమాలి వీడియో కాల్ చేయించాను. మస్తు పనున్నది మేడమ్, ఒక్క నిమిషమే అంటూ బాపు మీది దుప్పటి పక్కకు తీసింది.

మాట్లాడలేదు. లెక్కపెట్టాను.

ఇరవై నాలుగు. నార్మల్ కాదు, కానీ ముప్పై రెండూ కాదు.

ఏడుస్తూనే, రెండోసారి లెక్కపెట్టడానికి ఇంకో నిమిషం అడిగాను.