నీ పేరు మీద పడిన ఓటు

సుబ్బమ్మా,

కరువులో గంజి కేంద్రాల జొన్నలు అమ్ముకున్న ఎమ్మెల్యే మీద, పోటీ చేయమని నువ్వు పోరినట్టే, ఈసారి నేను నిలబడ్డాను. ఈరోజు పోలింగు. నా వెంట తిరిగినవాళ్ళలో సగంమంది నన్ను చూసి తల తిప్పుకున్నారు.

మొదటి ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితా రాసేవాళ్ళు పేరు అడిగితే, మన పెద్దకొడుకును చూపించి "పెద్దోని తల్లి అని రాసుకోప్పా" అన్నావు. సొంత పేరు చెప్పలేదని జాబితాలోంచి కొట్టేశారు. తర్వాత నేనే నీ పేరు ఎక్కించాను. నువ్వు పోయి ఏడాదైనా అది అట్లాగే ఉందని తెలిసి, ఒకసారి చూసుకుందామని జాబితా అడిగాను.

కడప నుంచి వచ్చిన పోలింగు గుమాస్తా నీ పేరు పక్కన గీత చూపించాడు. "ఈయమ్మ పొద్దున్నే వచ్చి ఓటేసి పోయిండాదప్పా" అన్నాడు.

దొంగ ఓటని గొడవ చేయాల్సినవాణ్ణి, నీ పచ్చకోక కోసం ఆడవాళ్ళ వరుసంతా వెతుకుతూ నిలబడ్డాను.