ఎద్దును కట్టినట్టు కట్టిన పడవ

తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, క్యాతగానచెర్లు గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు కొల్లప్ప భార్య గంగక్క అను నేను, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టంతో రాయించుకుంటున్న వీలునామా ఇది. తెలివి ఉందా లేదా అని డాక్టరు ఈ పొద్దున నా చేత వారాల పేర్లు వెనక నుంచి చెప్పించాడు. తడుముకోకుండా చెప్పాను. తర్వాత ఆయన్ని చెప్పమంటే గురువారం దగ్గర ఆగిపోయాడు. కాబట్టి నా తెలివి మీద ఎవరూ కోర్టుకు పోనక్కర్లేదు.

దస్తావేజులు రాసే ఈరయ్య దీన్ని కన్నడంలో రాస్తానన్నాడు. నాకు రెండూ వచ్చు గానీ మనసులో మాట తెలుగులోనే వస్తుంది. ముందు తెలుగులో రాయి, ఆఫీసు వాళ్ళకు కావాల్సింది తర్వాత నువ్వే మార్చుకో అన్నాను.

1. నేనుంటున్న ఇల్లు, పెరడు, బోరు నా కొడుకు శివరాజుకు చెందాలి. వంటింటి కిటికీ మార్చకూడదు. మారిస్తే పొగ ఎటు పోతుందో వాడికి తెలియదు, వండేది వాడు కాదు.

2. సోలార్ పలకల కింద గుత్తకు ఇచ్చిన భూమి శివరాజుకూ, నా కూతురు గీతకూ చెరిసగం. ఆడపిల్లకు భూమి ఎందుకని ఎవరైనా అంటే, ఆ భూమిలో వేరుశనగ కలుపు తీసింది ఎవరో గుర్తు చేసుకోవాలి. అన్నవాళ్ళు మాత్రం ఒక్కనాడూ వంగలేదు.

3. కుట్టుమిషను నా కోడలు నేత్రావతికి. ఈ వీలునామాను అమలు చేసే అధికారం కూడా ఆమెకే ఇస్తున్నాను. కొడుకును కాదని కోడలికి ఇచ్చానని శివరాజు మూతి ముడుచుకోవచ్చు. ఆమె చెప్పిన పని చేస్తుంది, వాడు చేస్తానని చెబుతాడు. తేడా అంతే.

4. ఎదురింటి రత్న దగ్గరున్న నా ఇడ్లీ పాత్ర ఆమే ఉంచుకోవచ్చు. రేపు ఇస్తా అక్కా అని ఐదేళ్ళుగా చెబుతోంది. ఇక ఆ శ్రమ అక్కర్లేదు.

5. చెరువులో ఉన్న చిన్న పడవ, దాని ఇంజను, లాక్కెళ్ళే బండి, తాళంచెవి, అన్నీ నా మరిది ఓబులేశుకు చెందాలి. దీన్ని అమ్మే హక్కు శివరాజుకు లేదు. పాత ఇనుము వాడితో వాడు బేరం మాట్లాడిన సంగతి నాకు తెలుసు.

ఇది చేపలు పట్టే పడవ కాదు. కాళ్ళకు చెక్కలు తొడుక్కున్న మనిషిని వెనక తాడుతో నీళ్ళమీద లాక్కుపోయే రకం. స్కీ బోటు అంటారు. ఆంధ్రా వైపు డ్యాము దగ్గర ఒక రిసార్టు మూతపడితే, మోటార్లు బాగుచేసే నా మొగుడు ఇంజను చూసి మనసు పారేసుకుని కొనుక్కొచ్చాడు. మా చెరువు నిండి, దారి మునిగి, అవతలి పల్లె ఆడవాళ్ళు పలకల కింద గడ్డి కోసే పనికి రావడానికి చుట్టూ తిరగాల్సి వచ్చిన ఏడాది అది. ఓబులేశు ఆ రిసార్టులో ఇదివరకు పడవ నడిపినవాడి దగ్గర వారం ఉండి పడవ నడపడం, కట్టడం నేర్చుకున్నాడు. రోజూ ఆ ఆడవాళ్ళను దాటించాడు. చెక్కల మీద నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు, చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నవాళ్ళే.

ఒకనాడు అతను పావగడకు పోతూ నాతో అన్నాడు: "వదినా, ముందూ వెనకా రెండు తాళ్ళూ ఎయ్యి. బిగించి కట్టొద్దు, కొంచెం వదులుండనీ." నలభై ఏళ్ళు ఎద్దుల్ని కట్టిన దాన్ని, నువ్వా నాకు చెప్పేది అనుకున్నాను. ఎద్దును కట్టినట్టే ముక్కు దగ్గర ఒక్క పగ్గంతో గుంజకు బిగించి కట్టాను. వేరుశనగ ఆరబోసే పట్ట తెచ్చి బల్లపరుపుగా కప్పి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టాను. సాయంత్రం వాన పట్టుకుంది. మా వైపు పుట్టినవాళ్ళం చెరువు తగ్గడం చూశాం గానీ, కట్టిన తాడుకన్నా పైకి నీళ్ళు వస్తాయని ఎవరనుకుంటారు? పట్టలో గుంట పడి నీళ్ళు నిండి, ఆ బరువుకు పట్ట జారి, నీళ్ళు పడవలోకే దిగాయి. నీళ్ళు పెరిగే కొద్దీ ముక్కును నా పగ్గం కిందికి పట్టి ఉంచింది. తెల్లారేసరికి పడవ చెరువు అడుగున ఉంది.

కట్ట మీద ఊరంతా ఉండగా నా మొగుడు తమ్ముణ్ణి పట్టుకుని అరిచాడు: "ఏందిరా ఇది? నా పడవను నీళ్ళల్లో కలిపినావు గదరా! నా కండ్లముందర నిలబడొద్దు, పో!" ఓబులేశు ఒక్కసారి నా వైపు చూశాడు. నేను తల వంచుకుని చీర కొంగు పిండుకుంటూ నిలబడ్డాను. అతను నా పేరు బయటపెట్టకుండానే వెళ్ళిపోయాడు. తిరుమణి వైపు ఒక సోలార్ ప్లాంటులో కాపలా పనికి చేరాడు. అన్న బతికుండగా మళ్ళీ మా గడప తొక్కలేదు. పడవను నా మొగుడే పైకి లాగించి, ఇంజను విప్పి బాగుచేసుకున్నాడు.

కట్టింది నేను. కప్పింది నేను. తప్పు నాది. ఈ మాట దస్తావేజు మీద ఉండాలనే ఇంత రాయిస్తున్నాను.

6. పడవను ఇలా చూసుకోవాలి. ఓబులేశుకు చెప్పనక్కర్లేదు. అతని తర్వాత వచ్చేవాళ్ళకు.

గాలికి ఎదురుగా, నడక కన్నా నెమ్మదిగా ఒడ్డుకు తేవాలి. రాళ్ళకూ పడవకూ మధ్య పాత టైర్లు వేలాడదీయాలి. ముందూ వెనకా రెండు తాళ్ళు, నీళ్ళు మూర పెరిగినా మూర తగ్గినా సరిపోయేంత వదులు. వాన కాలంలో ఎవరో ఒకరు పొద్దునా సాయంత్రమూ పోయి ఆ వదులు చూసి రావాలి. ఇంజను నీళ్ళలోంచి పైకి లేపాలి. లోపల తడి గుడ్డతో తుడిచి, సీట్లు ఆరాకే కప్పాలి. లేకపోతే బూజు పడుతుంది. కప్పే ముందు నడుమ వెదురు వాసం పెట్టి, పట్ట ఇంటికప్పులా వాలుగా ఉండేటట్టు చూడాలి, వాన జారిపోతుంది. పట్ట అంచులు తాడుతో కట్టాలి. రాళ్ళు పెట్టకూడదు, నా తల్లీ, పెట్టకూడదు. రెండు వైపులా గాలి పోయే సందు వదలాలి. ఎలుకలకు వేపాకు. చెరువు తగ్గితే బురదలో కూరుకుపోకముందే బండి మీదికి ఎక్కించి నీడకు తేవాలి.

ఇప్పుడున్న పట్ట నేనే కుట్టాను. నాలుగుసార్లు విప్పి కుట్టాను. రెండేళ్ళుగా పడవ కట్టేది కూడా నేనే. సరిగ్గానే కడుతున్నాను.

7. ఓబులేశుకు ఇంకొకటి చెందాలి. అది నా ఆస్తి కాదు, అతనిదే. నేను రెండేళ్ళుగా దాచుకున్నాను.

తుమకూరు ఆసుపత్రిలో, ఒక మధ్యాహ్నం, నా మొగుడికి నిజం చెప్పేశాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత అన్నాడు: "వాడు కట్టింటే మునిగేదే కాదు గదా. ఆపొద్దే నాకు తట్టుండాల్సింది. పిలువే వాన్ని. నా తమ్ముణ్ణి పిలువు."

ఫోను చేతిలోకి తీసుకున్నాను. అతను వస్తే అన్నదమ్ములిద్దరి ముందూ నేనెట్లా నిలబడాలి అని సిగ్గేసింది. ఫోను సంచిలో పెట్టేశాను. ఫోన్ ఎత్తలేదని ఆయనకు అబద్ధం చెప్పాను. మర్నాడు పొద్దున ఆయన పోయాడు. ఓబులేశు వచ్చి పాడె మోశాడు, మా ఇంట మంచినీళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయాడు. అన్న కోపంతోనే పోయాడని అతను ఈరోజు వరకూ నమ్ముతున్నాడు. ఓబులేశప్పా, నేను నీకు చేసిన ద్రోహం పడవ కాదు, ఇది.

ఇక్కడి వరకూ రాసి ఈరయ్య కలం పక్కన పెట్టాడు. "అక్కా, నీవు పోయినాక ఈ మాట ఆయప్ప చేతికిస్తే, ఆయప్ప ఎవురిని కోప్పడాల?" అన్నాడు. కాసేపు ఏడ్చాను. అది కూడా రాయమన్నాను.

కాబట్టి పై వాటిలో పడవ తప్ప మిగతావన్నీ నా చావు తర్వాతే అమలు కావాలి. పడవకూ, ఏడో అంశానికీ నా చావుతో పని లేదు. సంతకం తడి ఆరగానే ఈ కాగితం, పడవ తాళంచెవి తీసుకుని ఓబులేశు ఇంటికి పోతున్నాను. తలుపు తీస్తే నా నోటితో చదివి వినిపిస్తాను. తీయకపోతే గడపలో కూర్చుని, లోపలికి వినబడేటట్టు చదువుతాను.

తేదీ: 2025 జూలై 14, సోమవారం, పగలు పదకొండు గంటలు
స్థలం: పావగడ

(సంతకం) గంగక్క

సాక్షులు:
1. గంగాధర, క్యాతగానచెర్లు
2. సుదీప్, వెంకటమ్మనహళ్లి

రాసినవారు: ఈరయ్య, పావగడ. ఈమెను ఓబులేశు ఇంటి దాకా నా బండి మీద దింపడానికి ఒప్పుకున్నాను.